హకురై వీపు

మొకిచి వారానికి ఒకసారి చచ్చేవాడు. ఆదివారం సాయంత్రం ఏడింటికి కార్యక్రమం మొదలైతే, ఏడూ ఇరవైకల్లా ప్రాణం పోయేది. టోక్యోలో ఒలింపిక్స్ అయిపోయిన మూడో ఏడు అది. తామా ఏటి ఒడ్డున ఉన్న మా వీధిలో అప్పటికి రెండే రంగుల టీవీలు. ఒకటి పళ్ళ డాక్టరుది. ఆయన ఏడయ్యేసరికి తలుపు గడియ వేసుకుని, ఇంట్లో లేనట్టు దీపం కూడా ఆర్పేసి చూసేవాడు. రెండోది వీధివాళ్ళంతా డబ్బిచ్చి స్నానం చేసే స్నానశాలది. అందుకని వీధి వీధంతా స్నానశాల ముందుగదిలో, సగంమంది తువ్వాళ్ళు చుట్టుకుని, మొకిచి చావడం చూసేది.

కార్యక్రమం పేరు 'హకురై'. వారానికో రాకాసి వచ్చి ఊరిని తొక్కేస్తుంది. మేఘంలోంచి కొండంత ఎత్తున్న తెల్లటి వీరుడు దిగి దాన్ని చంపేస్తాడు. ఆ రాకాసి రబ్బరు తొడుగులో ఉండేది మొకిచి.

"ఈ వారం ఎలా పోయావు నాయనా?" అని అడిగేది సోయా జున్ను అమ్మే తోఫు కొట్టు ఒకిను అవ్వ, ప్రతి సోమవారం, మొహంలో నవ్వు లేకుండా.

"పేలిపోయాను అవ్వా."

"పోన్లే, నొప్పి తెలియదు. పోయిన వారం తల తెగినప్పుడు మాత్రం నాకు అన్నం సయించలేదు."

మొకిచికి ముప్పయ్యారేళ్ళు. సుమో కుస్తీ నేర్చుకుంటానని అకితా నుంచి వచ్చి, పొట్ట పెంచాడు గానీ పట్టు పెంచలేకపోయాడు. చావడం మీద అతనికి పెద్ద బాధ లేదు. బాధంతా చంపేవాడి మీద.

ఆ చంపేవాడు రెయ్‌జి. హకురై తొడుగులో ఉండేవాడు. ఇరవై రెండేళ్ళు, సన్నటి నడుము, నాట్యమండలిలో పెరిగిన వాడు. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. రాకాసి మీద చివరి దెబ్బ వేసే ముందు తల కొంచెం పక్కకి వంచి, ఎక్కడి నుంచో ఎవరో పిలిస్తే విన్నట్టు ఒక్క క్షణం ఆగేవాడు. అంతే. దానికే దేశంలో సగంమంది పిల్లలకి మెడలు పట్టేశాయి. మొకిచి అదే వారం తోక ఊపుతూ, రెండు మేడలు కూల్చుకుంటూ, నోట్లోంచి పొగ వదిలి ఎంతో కష్టపడ్డాడు. ఒక్కరూ తోక గురించి మాట్లాడలేదు.

తోక సంగతి పోనీ. మొకిచి భార్య ఫుసాయె స్టూడియోలో తొడుగులు కుట్టేది. మధ్యాహ్నానికి అన్నం ముద్దలు చేసి, లోపల ఉప్పులో ఊరిన పుల్లటి ఉమె కాయ పెట్టి తెచ్చేది. మొకిచికి ఒకటి, రెయ్‌జికి రెండు.

"వాడికి రెండెందుకు?" అన్నాడు ఒకరోజు.

"సన్నగా ఉన్నాడు కదండీ."

"నేను లావుగా ఉన్నానా?"

ఫుసాయె సూదిలో దారం ఎక్కించింది. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు, కాబట్టి ఏమీ అనలేదు.

హకురై తొడుగుకి జిప్పు వీపు మీద ఉండేది. కెమెరాకి కనిపించకుండా జిప్పు మీద రబ్బరు పట్టీ అంటించి, పైన తెల్ల రంగు వేసేవాళ్ళు. అంటే లోపలికి వెళ్ళినవాడు తనంతట తాను బయటికి రాలేడు. రాకాసి తొడుగు వదులు, ముందు కొక్కేలు, చేతులూ తలా విడిగా ఊడేవి. అందుకని రెయ్‌జి వీపు మూసే పని మొకిచికి పెట్టారు. స్టూడియోలో దానికి ఒక పద్ధతి ఉంది. మూశాక వెన్ను మీద రెండుసార్లు తట్టి "వెళ్ళి రా" అనాలి. తెరిచేటప్పుడు లోపలివాడు "వచ్చేశాను" అంటాడు, తెరిచేవాడు "వచ్చావా" అనాలి. ఇంట్లోంచి పనికి వెళ్ళేవాడికి అనే మాటలే. 'వెళ్ళి రా' అన్నవాడే 'వచ్చావా' అనాలి. మధ్యలో ఊపిరి ఆడకపోతే లోపలివాడు తొడ మీద రెండుసార్లు తట్టుకుంటాడు. అప్పుడు ఎవరి చేతిలో ఏ పని ఉన్నా పడేసి పరుగెత్తాలి.

జూలై చివరి వారం. స్టూడియో ఒకప్పటి పట్టునూలు మిల్లు. వెలుతురు రాకుండా కిటికీలన్నిటికీ నల్ల రేకులు కొట్టేశారు. ఆరోజు పత్రికవాళ్ళు ఫోటోలకి వచ్చారు. హకురై ఎగిరే దృశ్యం అప్పుడే అయింది. పైకప్పు నుంచి దిగిన సన్నటి తీగ ఇంకా రెయ్‌జి నడుముకే ఉంది. అట్ట మేడల మధ్య, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆహా! ఏం నిలబడ్డాడండీ!" అన్నాడు పత్రికాయన.

రాకాసి తలా చేతులూ ఊడదీసి స్టూలు మీద కూర్చున్న మొకిచిని ఆయన పక్కకి జరగమన్నాడు. తోక ఫోటోలో పడుతోందట.

అప్పుడు చూశాడు మొకిచి. తెల్ల చెయ్యి ఒకటి నడుం మీంచి కిందికి జారింది. తొడ మీద తట్టింది. ఒకటి. రెండు.

మొకిచి సిగరెట్టు వెలిగించాడు. కొంచెం ఉడకనీ, అనుకున్నాడు. ఒక్క సిగరెట్టు. చంపాలనేం కాదు, అతను ఈగను కూడా చంపడు, వారానికోసారి చచ్చే మనిషి. సిగరెట్టు అయ్యేలోపు చెయ్యి ఇంకోసారి తట్టింది. మరోసారి తట్టలేదు.

"కదలడం లేదు చూడండి, శిల్పంలా!" అన్నాడు పత్రికాయన, ఇంకో నాలుగు ఫోటోలు తీస్తూ.

మొకిచి వెళ్ళి పట్టీ పీకాడు. జిప్పు బిగుసుకుపోయింది. ఫుసాయె తన పెద్ద కత్తెర పట్టుకుని పరుగున వచ్చి, తొడుగుని ముందువైపు గొంతు నుంచి బొడ్డు దాకా కోసేసింది. లోపలి నుంచి వేడి ఆవిరి ముందు వచ్చింది, రెయ్‌జి తర్వాత వచ్చాడు. ప్రాణం పోయి కాసేపయిందనీ, అప్పటి నుంచీ ఆ తీగే నిలబెట్టిందనీ తర్వాత పిలిపించిన డాక్టరు చెప్పాడు.

ఫుసాయె వాడి తల ఒళ్ళో పెట్టుకుని, "లోపల మరీ వేడిగా ఉందా?" అని అడిగింది. చచ్చినవాడిని. అంత మెత్తటి గొంతు ఆమెకి ఉందని పెళ్ళయిన పదకొండేళ్ళకి మొకిచికి తెలిసింది.

'వచ్చావా' అనడం ఆ గొడవలో ఎవరికీ గుర్తు రాలేదు. అసలు జిప్పే తెరుచుకోలేదు కదా.

హకురైలో మనిషి ఉంటాడని పిల్లలకి తెలియకూడదు. కాబట్టి చనిపోయినవాడి సంగతి ఎక్కడా రాలేదు. ఇంకా పదమూడు వారాలు తీయాలి. దర్శకుడు కుగా గారు తలపట్టుకుని కూర్చుంటే మొకిచి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"నేను చేస్తానండి. కదలికలన్నీ నాకు తెలుసు. ఎదురుగా నిలబడి దెబ్బలు తిన్నవాణ్ణి."

కుగా గారు అతని పొట్ట వంక చూశారు. పొట్ట వంకే చూస్తూ, "పడుతుందా?" అన్నారు.

"పట్టింది. వేసుకుని చూశాను."

వేసుకోలేదు. అబద్ధం.

"ఓబోన్ పండగ అవగానే మొదలెడదాం. పట్టకపోతే క్యోటో నుంచి ఒకణ్ణి పిలిపిస్తాను. మళ్ళీ నీకు తోకే."

ఓబోన్ అంటే పోయినవాళ్ళు ఇంటికొచ్చే మూడు రోజులు. మొదటి సాయంత్రం ఫుసాయె గుమ్మం ముందు దారి చూపే మంటగా ఎండు నారపుల్లలు వెలిగించింది. దోసకాయకి నాలుగు పుల్లలు గుచ్చి గుర్రం చేసింది. పోయినవాళ్ళు ఎక్కి రావడానికి. మొకిచి తండ్రికొకటి. పక్కన ఇంకొకటి పెట్టింది.

"అదెవరికి?"

"రెయ్‌జికి. వాడికి ఎవరున్నారు? ఎవరింటికి వస్తాడు పాపం?"

"మనింటికెందుకు?"

"ఎక్కడికో ఒక చోటికి రావాలి కదండీ," అంది ఫుసాయె.

చచ్చినా వాడికి మర్యాదలే! మొకిచికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కాదు. ఆ రెండో గుర్రం తన నాన్న గుర్రం కన్నా చక్కగా కుదిరింది, అందుకు.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోకి వెళ్ళాడు. అందరూ సొంతూళ్ళకి వెళ్ళిపోయారు. కాపలాదారు కూడా తాళంచెవి పూలకుండీ కింద పెట్టి పోయాడు. అది అక్కడ ఉంటుందని వీధిలో అందరికీ తెలుసు, ఒక్క కాపలాదారే రహస్యమనుకునేవాడు. బయట ఎండ పేలిపోతోంది, చెట్ల మీద చిమ్మెటల రొద చెవులు కోసేస్తోంది. తలుపు మూయగానే చిమ్మెటలు ఆగిపోయినట్టయింది.

లోపల పట్టపగలే చీకటి. ఒక బల్బు వేశాడు. పండగకి ముందు సగం కట్టి వదిలేసిన బొమ్మ ఊరు మోకాళ్ళ ఎత్తున పరుచుకుని ఉంది. వేలెడంత ట్రాము, గోరంత కిటికీలు. పైన దూలాలకి పాత రాకాసుల తొడుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. అవన్నీ తనే. ఇరవయ్యారు చావులు.

తెల్ల తొడుగు కర్రకి తగిలించి ఉంది. ఫుసాయె ముందువైపు కోతని కుట్టేసి, పక్కల్లో ఇంత గుడ్డ చేర్చి, పైన రబ్బరు పూసింది. ఎక్కడ కోసిందో వెతికినా దొరకదు. అంత శ్రద్ధగా కుట్టింది. మొకిచి చొక్కాకి మెడ బొత్తాం ఊడి నెల అవుతోంది.

కాళ్ళు దూర్చాడు. తొడల దగ్గర పట్టేసింది. ఊపిరి బిగబట్టి లాగాడు. చేతులు దూర్చాడు. తల వంచి ముసుగులోకి వెళ్ళాడు. రబ్బరు వాసన, జిగురు వాసన, పాత చెమట. వాటి కింద పుల్లగా ఇంకోటి. ఉమె కాయ.

వీపు బార్లా తెరుచుకునే ఉంది. పొట్ట అడ్డం వచ్చి రెండు అంచులూ జానెడు దూరంలో ఉండిపోయాయి. మూసేవాడు ఉన్నా మూసుకోదు. అయిపోయింది. మళ్ళీ తోకే.

ముసుగు కళ్ళ కింద సూదిబెజ్జాలంత రంధ్రాలు. వాటిలోంచి ఎదురు గోడకున్న అద్దం కనిపించింది. అద్దంలో ఒక లావుపాటి తెల్ల సంచీ.

అప్పుడు వీపుకి చల్లగా తగిలింది.

గాలి అనుకున్నాడు. తలుపు మూసి ఉంది కదా... అనుకున్నాడు.

నడుం దగ్గర జిప్పు కదిలింది.

ఒక్కొక్క పన్ను. తొందర లేకుండా. టిక్... టిక్... టిక్. పొట్ట లోపలికి పోయింది. ఎక్కడికి పోయిందో తెలియదు. వెన్ను నిటారుగా అయింది. మెడ దాకా వచ్చి ఆగింది. తడిగా, జిగటగా ఏదో దాని మీద అతుక్కుంది. పట్టీ. పైన కుంచె నడిచింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.

వెన్ను మీద రెండుసార్లు తట్టారు.

"వెళ్ళి రా."

గొంతు రెయ్‌జిది కాదు. మొకిచికి ఆ గొంతు తెలుసు. రోజూ ఉదయం, ఆవులిస్తూ, విసుగ్గా, రెయ్‌జి వీపుతో అనే గొంతు. తనదే.

తిరిగి చూడాలనుకున్నాడు. కాళ్ళు తిరగలేదు. ముందుకి నడిచాయి. బొమ్మ ఊరిలోకి, ఒక్క మేడకీ తగలకుండా, ట్రాము తీగల మధ్య పాదం మోపుతూ. మొకిచి జన్మలో అలా నడవలేదు. అద్దంలో తెల్లటి వీరుడు ఉన్నాడు. సన్నటి నడుము. చెయ్యి ఎత్తాడు. తల కొంచెం పక్కకి వంచాడు... ఎక్కడి నుంచో ఎవరో పిలిస్తే విన్నట్టు.

ఎంత బాగుంది! భయంలో కూడా మొకిచికి మొదట అనిపించింది అదే. ఎంత బాగుంది, వెధవది!

తర్వాత వేడి మొదలైంది.

చెమట కళ్ళలోకి దిగింది. మడమల దగ్గర నీళ్ళు చేరాయి. ఊపిరి పీల్చాడు. లోపల ఇంకో ఊపిరి వినిపించింది. తను పీల్చినప్పుడు అది వదులుతోంది. తను వదిలినప్పుడు అది పీలుస్తోంది. ఉన్న కాస్త గాలీ ఇద్దరికి.

చెయ్యి కిందికి జార్చాడు. తొడ మీద తట్టాడు. ఒకటి. రెండు.

చీకట్లో, రోజూ తను కూర్చునే స్టూలు దగ్గర, ఎర్రగా ఒక నిప్పు వెలిగింది.

సిగరెట్టు నిప్పు.

మళ్ళీ తట్టాడు. నిప్పు పైకి లేచింది, మెరిసింది, కిందికి దిగింది. ఎవరికీ తొందర లేదు.

"వచ్చేశాను అన్నా..."

ఈసారి రెయ్‌జి. ముసుగు లోపలే. చెవికి పెదవి తగిలేంత దగ్గరగా. కోపం లేదు. రోజూ పని అయ్యాక అన్నట్టే, అలసటగా, మర్యాదగా. అని, ఆగాడు. జవాబు కోసం ఆగాడు.

మొకిచికి తెలుసు. ఒక్క మాట. 'వచ్చావా' అంటే చాలు. వాడు వెళ్ళిపోతాడు. ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి, దోసకాయ గుర్రం ఎక్కి.

నోరు తెరిచాడు. అద్దంలో చూశాడు. సన్నటి నడుము. ఆ మెడ. వాడు వెళ్ళిపోతే అక్కడ మిగిలేది లావుపాటి సంచీ. వచ్చేవారం క్యోటో నుంచి ఇంకెవడో. తనకి మళ్ళీ తోక.

నోరు మూసుకున్నాడు.

లోపలి ఊపిరి చాలాసేపు ఆగింది...

తర్వాత, నెమ్మదిగా, తనతో కలిసి పీల్చడం మొదలుపెట్టింది.

ఫుసాయె వెతుక్కుంటూ వచ్చేసరికి మొకిచి బొమ్మ ఊరి మధ్య నిలబడి ఉన్నాడు. ఆమె పట్టీ పీకి జిప్పు దించింది. ఈసారి సాఫీగా దిగింది.

"ఒక్కరే ఎలా వేసుకున్నారు? ఈ పట్టీ ఎవరు అంటించారు?" అంది. పట్టీని దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. "రంగు కూడా ఆరిపోయింది..."

"కాపలావాడు," అన్నాడు మొకిచి.

"వాడు నిన్ననే సొంతూరు చిబా వెళ్ళాడు కదండీ."

మొకిచి తలుపుకి తాళం వేశాడు. ఇంటికి నడిచారు. ఫుసాయె రెండడుగులు వెనక నడుస్తూ, దారంతా అతని వీపే చూస్తూ వచ్చింది.

ఆ పదమూడు వారాలూ వీధి వీధంతా నోరు తెరుచుకుని చూసింది. పళ్ళ డాక్టరు కూడా దీపం వేసి చూశాడు. "ఏమిటి నాయనా, ఈ మధ్య చావడం మానేశావు?" అంది ఒకిను అవ్వ. పత్రికకి ఉత్తరాలు బస్తాల్లో వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే మాట, ఆ తల వంచడం గురించి. కుగా గారు కళ్ళు తుడుచుకున్నారు.

"రెయ్‌జి తిరిగొచ్చినట్టు ఉంది మొకిచి."

అదీ మెచ్చుకోలు! మొకిచికి ఒళ్ళు మండింది. చెమట ఎవరిది? మడమల్లో నీళ్ళు ఎవరివి? ఒకరోజు పంతానికి తల వంచకూడదనుకున్నాడు. దెబ్బ వేసే ముందు మెడ బిగించాడు. మెడ నెమ్మదిగా, ప్రేమగా, పక్కకి వంగింది. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు.

అక్టోబరులో తోఫు కొంటూ ఉండగా మళ్ళీ ఆ మెడ వంగింది. తొడుగు లేదు, స్టూడియో కాదు, చేతిలో గిన్నె.

"మెడ పట్టిందా నాయనా?" అంది ఒకిను అవ్వ. తర్వాత కాస్త ఆగి, "ఎవరినైనా వింటున్నావా?" అంది. మొహంలో నవ్వు లేకుండానే. అయితే ఆ అవ్వ ఎప్పుడూ అంతే.

నవంబరులో చివరి వారం తీశారు. చిరిగిపోయిన తెల్ల తొడుగుని ఏటి అవతల గుడికి తీసుకెళ్ళి, ఇన్నాళ్ళూ పని చేసినందుకు దండం పెట్టి తగలబెట్టారు. పాత బొమ్మలకీ, విరిగిన సూదులకీ చేసినట్టే. మొకిచి ముందు వరసలో నిలబడ్డాడు. ఇప్పుడైనా అనవచ్చు, అనుకున్నాడు. ఒక్క మాట. పక్కనే కుగా గారు అతని భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే ఏడు కొత్త వీరుడు. నువ్వే," అన్నారు. రబ్బరు నల్లగా కరిగి కారింది. మొకిచి పెదవులు బిగించాడు. తొడుగే లేనప్పుడు లోపలివాడెక్కడుంటాడు?

ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ "వచ్చేశాను" అన్నాడు. లోపలి నుంచి ఎప్పుడూ వచ్చే 'వచ్చారా' ఈసారి రాలేదు. ఫుసాయె అతని వంక చూసి, మెత్త వేసింది.

"కూర్చోండి. భుజాలు పడతాను."

కూర్చున్నాడు. ఆమె పిడికిళ్ళతో భుజాల మీద మెల్లగా గుద్దుతూ వచ్చింది. హాయిగా ఉంది. వెన్ను దాకా వచ్చి, ఇక చాలన్నట్టు రెండుసార్లు తట్టి చెయ్యి తీసింది.

వీపు లోపలి నుంచి రెండుసార్లు తట్టారు.

ఫుసాయె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పొయ్యి మీద కెటిల్ మూత ఆడుతోంది. మొకిచి కదల్లేదు. ఆమె అరిచేయి వెనక్కి వచ్చి వెన్ను మీద ఆనింది. మెడ దగ్గర మొదలుపెట్టి, వేలి కొనతో, నడుం దాకా ఒక గీత గీసినట్టు నెమ్మదిగా తడిమింది. వెతుకుతున్నట్టు. దొరకనట్టు.

తర్వాత అతని వీపుకి చెవి ఆనించింది.

"లోపల మరీ వేడిగా ఉందా?" అంది.

ఆ మెత్తటి గొంతు. మొకిచి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కుళ్ళుతోనో దేనితోనో. నన్ను ఎప్పుడైనా అలా అడిగావా అందామని నోరు తెరిచాడు. అతని కుడి చెయ్యి తనంతట తానే ఒళ్ళోంచి లేచింది. తొడ మీద వాలింది.

ఒకటి.

రెండు.

"వస్తున్నా... వస్తున్నా నాయనా," అంది ఫుసాయె. పరుగున లేచి వెళ్ళింది. వెనక గదిలో కుట్టుపెట్టె మూత, ఆ వెనకే పెద్ద కత్తెర తెరుచుకున్న చప్పుడు వినిపించింది.